గరిక దోమకు పెట్టని పేరు

“ఎవల పెండ్లి?” అని అడిగింది తాహేరా, గ్యాస్‌బత్తి అద్దాన్ని పాత పంచె ముక్కతో తుడుస్తూ.

“పెండ్లి లేదు,” అన్నాడు ఆ అబ్బాయి.

“మరి దర్గాల ఉర్సా? భజననా?”

“దోమలకు.”

తుడుస్తున్న చెయ్యి ఆగింది. తలెత్తి చూసింది. సన్నగా, ఎండకు కాగిన మొఖం. భుజానికి గుడ్డ సంచి, చేతిలో పొడుగు కర్రకు కట్టిన తెల్లటి వల. చేపలు పట్టేవాడనుకుందామంటే ఆ వలలోంచి చీమ కూడా జారిపోదు, అంత సన్నటి నేత.

“దోమలకు గ్యాస్‌బత్తి కావాల్నా? గుడ్డిదీపం పెట్టినా మంది మంది వస్తయి గదా!”

“కుట్టే దోమలు కాదండి. వరిని, గడ్డిని పీల్చే దోమలు. లైటు కింద తెల్లబట్ట కడితే వచ్చి వాల్తయి. పట్టుకుంట.”

“పట్టుకొని?”

“ఏది ఏ జాతిదో చూస్త. పేరు లేనిదానికి పేరు పెడత.”

“పేర్లు లేక అవి ఏడుస్తున్నయా?”

లోపల స్టవ్వు బాగుచేస్తున్న లియాఖత్ అలీ దగ్గాడు. అది దగ్గు కాదు, బిడ్డకు హెచ్చరిక. తాహేరా మూతి ముడుచుకుని గ్యాస్‌బత్తి అతని చేతికిచ్చింది.

ఎనభై ఎనిమిదిలో, వానలు పడ్డ కొత్తలో జరిగిన మాట ఇది. కట్టంగూర్‌లో హైవే పక్కన లియాఖత్ అలీ దుకాణం. లాంతర్లు, గ్యాస్‌బత్తులు బాగుచేస్తాడు, పెండ్లి బరాత్‌లకు కిరాయికి ఇస్తాడు. ఊరికి కరెంటు వచ్చి ఏండ్లయింది. వచ్చిన కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి దుకాణం బతికింది. లియాఖత్ కండ్లకు మసక వచ్చింది. గ్యాస్‌బత్తిలో నూనె ఎగజిమ్మే కంత వెంట్రుక మందం ఉంటుంది. దాన్ని సన్నటి సూదితో శుభ్రం చేసే పని తాహేరాది. పదో తరగతి పాసయింది. పై చదువు నల్గొండలో, బస్సులో పోయి రావాలి. దాదీ షరీఫా వద్దంది. అక్కడితో చదువు ఆగింది, చూపు మాత్రం ఆగలేదు.

మర్నాడు పొద్దున ఆ అబ్బాయి గ్యాస్‌బత్తి తిరిగి తెచ్చాడు. వెలుగిచ్చే మాంటిల్ చిరిగి బూడిదయింది. అద్దానికి లోపలా బయటా పురుగులు.

“సచ్చిపోయిన బరాత్ అంత ఈడనే ఉన్నది,” అంది తాహేరా. “మీ దోమలు మస్తు కులాసగ పెండ్లి చేసుకున్నట్టున్నయి.”

“ఇంకో మాంటిల్ ఇయ్యండి. ఇయ్యాల కూడ కావాలె.”

“ఇయ్యాల ఏ దోమకు?”

“నిన్నటిదాని చెల్లెకు,” అన్నాడు అతను, మొదటిసారి నవ్వి.

పేరు వహీద్. పాలమూరువాడు. బీఎస్సీ పాసై, హైదరాబాద్‌లో ఒక పెద్దసారు నడిపే సర్వేలో ఏడాది ఉద్యోగానికి కుదిరాడు. నల్గొండ పొలాల్లో, వాగుల ఒడ్డున ఏయే దోమలున్నాయో ఏరి పంపాలి. కొత్త జాతి ఏదైనా దొరికితే సర్వే ఇంకో రెండేండ్లు సాగుతుంది, వహీద్ ఇక్కడే ఉంటాడు. దొరక్కపోతే మార్చితో సంచీ సర్దుకోవాలి. ఈ సంగతి వారం తిరక్కముందే తాహేరాకు తెలిసింది. తనేమీ అడగలేదు. అబ్బాతో అతను చెప్తుంటే స్టవ్వు వత్తులు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ విన్నది.

ఒకనాడు మునిమాపు జోరుగా వాన. వహీద్ దుకాణం చూరు కింద ఇరుక్కుపోయాడు. చూరు పొట్టిది, వాన పొడుగుది. సగం తడిసిన మనిషి ఇంకో సగం తడవకుండా ఒక చిన్న గాజు గొట్టాన్ని అరచేతిలో దాచుకున్నాడు.

“అంత పెద్ద ముత్యమా?” అంది తాహేరా.

“చూస్తరా?” అని భూతద్దం అందించాడు.

చూసింది. నువ్వుగింజంత పురుగు. గోధుమరంగు రెక్కలు పెంకుటింటి కప్పులాగా వాలి ఉన్నాయి. అద్దంలో పడేసరికి ఆ నువ్వుగింజ మొఖం ఉన్న ప్రాణి అయింది. ఎర్రటి కండ్లు, సన్నటి డాలులాంటి నొసలు, దాని మీద పైనుంచి కిందికి మూడు గట్లు.

“యా అల్లా! దీనికి మొఖమున్నది!”

“వెనక కాలు చూడండి. మడమ కాడ ముల్లు ఉన్నదా?”

“ఉన్నది. కదుల్తాంది!”

“గదే. కదిలే ముల్లు ఉన్నదంటే గీ ఖాందాన్‌దే. ఏ రంగున్నా, ఏ ఊర్ల పుట్టినా ఖాందాన్ ఒకటే. మొఖం మీద గట్లు, తల వాటం చూసి ఇంటిపేరు చెప్పచ్చు.”

“మరి అసలు పేరు?”

వహీద్ వాన వైపు చూశాడు. “అది... మగదాని తోక చివర చూసి పెడతరు.”

“ఎందుకట్ల?”

“అంటే... ఒక్కో జాతికి ఒక్కో తాళం, ఒక్కో చెవి అన్నట్టు. వేరే చెవి వేరే తాళానికి...” అతని చెవులు ఎర్రబడ్డాయి.

తాహేరా ఒక్క నిమిషం ఆలోచించింది. తర్వాత ఆమె చెవులూ ఎర్రబడ్డాయి. ఇద్దరూ కలిసి వానను చాలా శ్రద్ధగా చూశారు.

“పాలమూరుల కూడ గింత వాన పడ్తదా?” అని అడిగింది, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

“పడదు. పడితే నేను కాల్వ కట్ట మీద ఎందుకు పుడత?” అన్నాడు వహీద్. “మా అమ్మీ, బాపు మట్టి పనికి పోయిన్రు. ఎవరిదో డ్యామ్, ఎవరిదో కాల్వ. గా క్యాంపుల పుట్టిన. మా ఊరోళ్లు తవ్వని కాల్వ ఈ దేశంల లేదు, మా ఊరికి మాత్రం కాల్వ లేదు.”

అతను దాన్ని నవ్వుతూనే చెప్పాడు. తాహేరాకు నవ్వు రాలేదు. భూతద్దంలోంచి అతని వైపు చూసింది, ఆట పట్టించడానికి. అద్దంలో అతని కన్ను ఒక్కటే పెద్దగా, తడిగా కనిపించింది. టక్కున అద్దం దించేసింది.

శ్రావణంలో వహీద్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. మోకాళ్లదాకా బురద.

“దొరికింది! వాగు ఒడ్డున, గరిక మొదట్ల. ఇట్లాంటిది పుస్తకాల లేదు!”

చూపించాడు. తేనెరంగు ఒళ్లు, బుగ్గల మీద నల్లటి మచ్చ, నడుము దాటని పొట్టి రెక్కలు. లైటుకు వాలిన గోధుమరంగు దోమ పక్కన పెడితే ఎవరి బిడ్డ ఎవరో అన్నట్టుంది.

“రెక్కలు పొట్టిగున్నయి. ఇదెట్ల ఎగుర్తది?”

“ఎగరది. అందుకే ఎన్నడూ లైటుకు రాలే. ఎవ్వలూ చూడలే. దొరికినయన్ని ఆడవే. మగది చూస్తెగాని పేరు పెట్టనియ్యడు పెద్దసారు. నన్నేమో దసరా దాకా ట్రైనింగుకు రమ్మన్నడు. ఇక్కడ వీటిని పెంచాలె. పగిలిన లాంతరు చిమ్నీలు ఉంటె ఇస్తరా?”

“చిమ్నీలిస్త. పెంచేదెవరు?”

వహీద్ ఆమె వేళ్ల వైపు చూశాడు. వెంట్రుక కంతలో సూది దూర్చే వేళ్లు.

“అబ్బా,” అని లోపలికి కేకేసింది తాహేరా, “గీ దోమల సారు మనింట్ల దోమలను పెంచమంటుండు!”

“మనకేం కొత్తనా? ఇండ్ల ఉన్నయి చాలవా?” అన్నాడు లియాఖత్ అలీ. కానీ ఆ సాయంత్రం తనే అటక మీంచి పన్నెండు చిమ్నీలు దింపి ఇచ్చాడు.

వహీద్ దోమలు అప్పగించి హైదరాబాద్ బస్సెక్కాడు. తాహేరా మట్టి ముంతల్లో గరిక నాటింది. ఒక్కో ముంత మీద ఒక్కో చిమ్నీ బోర్లించి, పైన మల్లుగుడ్డ వేసి దారం కట్టింది. లోపల దోమలు గరిక కాడను చీల్చి గుడ్లు పెట్టాయి. ఎనిమిది రోజులకు ఆవగింజలో సగమంత పిల్లలు. అవి చిమ్నీ వైపు నుంచి చూస్తుంటే కాడకు అవతలి పక్కకు జరిగి దాక్కునేవి. తాహేరా అవతలికి పోతే ఇవతలికి. పొద్దున్నే దాగుడుమూతలాడే బిడ్డను చూసి దాదీ తల కొట్టుకుంది.

శ్రావణం వెళ్లకముందే ఒకనాడు పోస్టుమన్ ఎల్లస్వామి సైకిల్ బెల్లు కొట్టకుండానే వచ్చాడు. చేతిలో వహీద్ రాసిన కార్డు. కార్డు ఎవరిదైనా మొదట చదివేది ఎల్లస్వామే.

“తాహేరమ్మా, నీ పేరు దోమకు పెడుతున్రట గదా! ముబారక్!”

బజారంతా విన్నది. కార్డులో ఉన్నవి నాలుగే వాక్యాలు. మగది దొరికిందా? పెద్దసారు సంతోషించారు. మగది దొరికితే దాని పేరులో మీ పేరు ఉంటుంది, లాటిన్ పద్ధతిలో ‘తాహేరే’ అని. లోకంలో ఎక్కడ అచ్చేసినా అదే పేరు.

దాదీ షరీఫా మంచం మీంచి లేచి కూర్చుంది. “తాహేరా అంటే పాక్‌గ, నిర్మలంగ ఉండేది. మీ తాత ఏరి కోరి పెట్టిండు. దాన్ని తీస్కపోయి దోమకా? రానియ్ వాన్ని!”

“వరి నాశినం జేసే దోమ అయితే ఊరంత నిన్నే తిడ్తది బిడ్డా,” అన్నాడు దుకాణానికి వచ్చిన లచ్చయ్య. అతనికి రెండెకరాల వరి ఉంది, నిజంగానే భయపడ్డాడు. “నిరుడు దోమపోటుకు మడి మడి కాలిపోయినట్టయింది.”

“ఇది వరిని ముట్టదు చిచ్చా. గరికనే తింటది,” అని అరిచింది తాహేరా. అరిచాక, తను దాని తరఫున కొట్లాడుతున్నానని అర్థమై ఇంకా మండిపోయింది.

కార్డును చింపుదామని రెండు చేతులా పట్టుకుంది. చింపలేదు. పెట్టెలో అడుగున దాచింది. చిమ్నీ ముందు కూర్చుని మెల్లగా అన్నది: “ఏమే, నా పేరు కావాల్నా నీకు?” దోమ కాడకు అవతలికి జరిగింది.

ఆ వారమే బరాత్‌లు ముంచుకొచ్చాయి. చిట్యాలలో రెండు, చౌటుప్పల్‌లో ఒకటి. ఉన్న గ్యాస్‌బత్తులన్నీ తోమి, మాంటిళ్లు కట్టి పంపేసరికి అయిదు రోజులు గరికకు నీళ్లు పోయడం మర్చిపోయింది. తిరిగి చూస్తే చివరి రెండు ముంతల్లో గరిక పసుపుబారింది. లోపల పిల్లలు కిక్కిరిసి ఉన్నాయి. నీళ్లు పోసి దండం పెట్టుకుంది.

పది రోజులకు ఆ రెండు చిమ్నీల్లో దోమలు పెద్దవయ్యాయి. చూసిన తాహేరా చిమ్నీలను వెలుతురులోకి జరిపింది.

గోధుమరంగు. పొడుగు రెక్కలు. బుగ్గ మీద మచ్చ, ఒళ్లు రంగు ఒకటే అయిపోయి కనిపించడం లేదు. లైటుకు వాలే దోమలు!

బయటినుంచి దూరాయేమోనని మల్లుగుడ్డ చూసింది. చిరగలేదు. దారం ముడి తను వేసిందే. మిగతా పది చిమ్నీల్లో గరిక పచ్చగా ఉంది, దోమలు తేనెరంగులో పొట్టి రెక్కలతో హాయిగా ఉన్నాయి.

గడ్డి ఎండినచోట రెక్కలొచ్చాయి.

రెండూ ఒకటే. కొత్త జాతి లేదు. ‘తాహేరే’ లేదు.

ఇది ఇంకెవరికీ తెలియదు. దారం ముడి విప్పితే ఆ రెక్కల దోమలు లేచిపోతాయి, ఎవరి దారి వారిది. వహీద్‌కు రెండేండ్ల ఉద్యోగం. ఈ ఊళ్లోనే ఉంటాడు. లోకంలో ఎక్కడ అచ్చేసినా తన పేరు. చెప్తే మార్చిలో బస్సెక్కుతాడు.

వేళ్లు ముడి మీద చాలాసేపు ఉన్నాయి.

విప్పలేదు. చెప్పాలంటే ముందు తనకు అనుమానం ఉండకూడదు కదా. ఒక్క పొట్టి రెక్కల తల్లిని వేరే ముంతలో వేసింది. దాని పిల్లలను రెండు భాగాలు చేసింది. సగాన్ని పల్చగా నాలుగు ముంతల్లో సర్ది రోజూ పచ్చి గరిక ఇచ్చింది. మిగతా సగాన్ని ఒకే ముంతలో కుక్కి నీళ్లు ఆపింది. అవి ఎండుగరిక పట్టుకుని వేలాడుతుంటే ఆమెకు అన్నం సయించలేదు. దసరాకు రెండు రోజుల ముందు, ఒక తల్లి పిల్లలే, ఇక్కడ తేనెరంగు, అక్కడ గోధుమరంగు.

వహీద్ మిఠాయి పొట్లంతో దిగాడు.

“మగది?”

“దొరికింది. చానా దొరికినయి. ముందు ఇది చూడండి,” అని రెండు చిమ్నీలు ముందు పెట్టి అంతా చెప్పింది. బరాత్‌లు, మర్చిపోయిన నీళ్లు, ఒక తల్లి, రెండు తీర్ల పిల్లలు.

అతని మొఖంలో రంగు మారుతూ వచ్చింది. “పొట్టి రెక్కల దోమలకు పొడుగు రెక్కలు వస్తయని నాకు తెల్వదా? వరి దోమల అది ఉన్నదే. కానీ మొఖం వేరే. రంగు వేరే. బయటిది ఏదో దూరింది.”

“దూరలే. ముడి నేనే ఏసిన.”

“చూసుకోలే మీరు.”

“నేను చూసుకోలేదా?”

“లాంతర్లు తుడిచేటోళ్లకు జాతి ఏందో, రూపం ఏందో ఏం తెలుస్తది!”

బయట వాన మొదలైంది. తాహేరా ఒక్కో చిమ్నీ అట్టపెట్టెలో సర్దింది. ఒక్కటీ ఒక్కదానికి తగలకుండా, మధ్య మధ్య గుడ్డ పెట్టి.

“తీస్కపోండి. రేపటిసంది గ్యాస్‌బత్తి ఇయ్యం. మీ దోమలను చీకట్ల పట్టుకోండి.”

వహీద్ పెట్టె ఎత్తుకుని వానలోకి దిగాడు. మిఠాయి పొట్లం అరుగు మీద ఉండిపోయింది. దాదీ విప్పి ఒకటి నోట్లో వేసుకుని, “మిఠాయి మంచిదే,” అంది. తాహేరా అప్పుడు ఏడ్చింది.

పదకొండు రోజులు అతని జాడ లేదు. పన్నెండో రోజు పొద్దున బస్సు దిగి, దుకాణం ముందు నిలబడ్డాడు. చూరు కిందికి రాలేదు, ఎండలోనే నిలబడ్డాడు.

“గ్యాస్‌బత్తి లేదు,” అంది తాహేరా తలెత్తకుండా.

“గ్యాస్‌బత్తికి రాలే. మాఫీ అడగనీకి వచ్చిన. మగవాటిని మైక్రోస్కోపు కింద పెట్టిన. తేనెరంగుది, గోధుమరంగుది. తాళంచెవి ఒకటే. వెంట్రుక మందం తేడా లేదు. నువ్వు చెప్పిందే నిజం.”

అతను ‘నువ్వు’ అన్నాడు. ఆమె గమనించింది. అతను గమనించలేదు.

“బస్సుల కూసున్నంక ఇంకోటి యాదికొచ్చింది,” అన్నాడు. “నాకు ఏడేండ్లప్పుడు అమ్మీ నన్ను అవ్వ దగ్గర ఉంచి పనికి పోయింది. రెండేండ్లకు వచ్చింది. నల్లగ, కట్టెపుల్లలెక్క. నేను తలుపు చాటుకు ఉరికిన. ఈమె మా అమ్మీ కాదు, వేరే మనిషి అని ఏడ్చిన. అమ్మీ గడప మీదనే కూలవడ్డది. గడ్డి ఎండి, రెక్కలొచ్చి, రంగు మారి వస్తె... మనిషి వేరే అన్న. పదిహేనేండ్లు చదివి మల్ల గదే తప్పు చేసిన, తాహేరా.”

తాహేరా చేతిలో సూది ఆగిపోయింది. లేచి, నీళ్లచెంబు అందించింది. “ముందు నీడకు రాండి,” అంది.

నీళ్లు తాగి సంచిలోంచి టైపు కొట్టిన కాగితాలు తీశాడు. కొత్త జాతి అని ట్రైనింగులో ఉండగా రాసిచ్చిన వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. పెద్దసారు వారం మాట్లాడలేదట. ఇప్పుడు రాసింది రెండే పేజీలు: వాగు ఒడ్డు గరిక దోమ, లైటుకు వచ్చే దోమ ఒకే జాతి, గరిక ఎండితే రంగూ రెక్కలూ మారతాయి. పైన, రాసినవారు అన్నచోట రెండు పేర్లున్నాయి. మొదటిది ఇంగ్లీషు అక్షరాల్లో, తాహేరా బేగం, కట్టంగూర్.

“దోమకు నీ పేరు పోయింది,” అన్నాడు. “పని చేసినామె పేరు మాత్రం ఉన్నది.”

ఆమె ఆ అక్షరాలను వేలితో తడిమింది. దాదీకి చూపించాలనుకుంది. ఎల్లస్వామికి తప్పకుండా చూపించాలనుకుంది.

“మరి మీ ఉద్యోగం?”

“మార్చితోని బంద్. జడ్చర్ల కాడ ఒక బడిల సైన్సు సారు పని ఉన్నదన్నరు. పోత.” నేల చూశాడు. “తాహేరా, పాలమూరుల గడ్డి ఎప్పుడూ ఎండే ఉంటది. ఇక్కడ నీకు అబ్బా ఉన్నడు, దాదీ ఉన్నది, దుకాణమున్నది. అంత పచ్చగున్నది. రమ్మని ఎట్ల అడగాల్నో నాకు తెల్వది.”

“అడిగినట్టేనా ఇది?”

“...అడిగినట్టే.”

“దోమలైతే గడ్డి ఎండినప్పుడే ఎగుర్తయి,” అంది తాహేరా నింపాదిగా. “నేను కడుపునిండ తిన్నంక కూడ ఎగుర్త. దోమకు నా పేరు పెట్టలేదు గదా ఇంక. దాని లెక్క ఎందుకుంట? కానీ ఒక షరతు. జడ్చర్లల కాలేజీ ఉంటె నన్ను చేర్పించాలె.”

లోపలినుంచి దగ్గు వినిపించింది. ఈసారి అది హెచ్చరిక కాదు. లియాఖత్ అలీ గడప దాకా వచ్చి, మసక కండ్లు చికిలించి వహీద్‌ను ఆపాదమస్తకం చూశాడు.

“బేటా, నీ చూపు సంగతి చూసిన. ఒకటే దోమను రెండు అన్నవు. రేపు నా బిడ్డకు జరమొచ్చి మొఖం మారితే వేరే మనిషి అంటవా?”

“ఒక్కసారి అన్న చాచా, మా అమ్మీని,” అన్నాడు వహీద్. “మల్ల అనను.”

ముసలాయన గడప మీద కూర్చున్నాడు. “మీ అమ్మీని తోల్కరా,” అన్నాడు. “మాట ఆమెతోని మాట్లాడాలె. ముందు ఆమెను కూసోబెట్టి అన్నం పెట్టాలె.”

వహీద్ సంచి పట్టీని గట్టిగా పట్టుకుని తలూపాడు.

ఉగాది వెళ్లిన వారానికి తాహేరా దుకాణం ముందు గ్యాస్‌బత్తులన్నీ వరసగా పెట్టి తోముతోంది. ఒకటీ అర కాదు, ఉన్నవన్నీ. పొలం నుంచి వస్తున్న లచ్చయ్య సైకిల్ ఆపాడు.

“ఏంది బిడ్డా, ఇన్ని దీస్తున్నవు? ఎవల పెండ్లి?”

తాహేరా అద్దాన్ని ఎండకు ఎత్తి పట్టి, ఎక్కడైనా మరక ఉందా అని చూసింది.

“దోమలకు కాదు చిచ్చా,” అంది.